అతుకు బద్దల చెక్కపెట్టె, దాని మీద వెండి పని: తరచుగా అడిగే ప్రశ్నలు

పసుపు కుంకుమకనో, నగలకనో, పెళ్లిలో అల్లుడికి పెట్టే తాంబూలానికనో ఇలాంటి పెట్టె చేయించుకోవాలనుకునే విజయవాడ, గుంటూరు వాళ్లకూ, సొంతంగా చేయాలని చూసే వడ్రంగి, కంసాలి పనివాళ్లకూ ఈ జవాబులు. లెక్కలన్నీ ఒకే పెట్టెకు వేసినవి: పొడవు 200 మి.మీ., వెడల్పు 125, ఎత్తు 75. అంగుళాల్లో సుమారు 8 × 5 × 3. మీ పెట్టె చిన్నదైనా పెద్దదైనా అదే నిష్పత్తిలో లెక్క కట్టుకోవచ్చు.

లామినేటెడ్ చెక్క అంటే సన్‌మైకా అంటించిందేనా?

కాదు. మార్కెట్లో లామినేట్ అనగానే ప్లైవుడ్ మీద అంటించే ప్లాస్టిక్ రేకే చూపిస్తారు. ఈ పెట్టెలో అలాంటిదేమీ ఉండదు. అసలు చెక్కనే సన్నటి బద్దలుగా కోసి, పక్కపక్కన జిగురుతో అతికి, ఒకే పలకగా చేస్తారు. ప్లైవుడ్‌లో ఒక పొర నార నిలువుగా, తర్వాతి పొర నార అడ్డంగా ఉంటాయి. ఇక్కడ బద్దలన్నిటి నారా ఒకే దిక్కుకు, పెట్టె పొడవు వెంట నడుస్తుంది. ఆర్డరిచ్చేటప్పుడు "అతుకు బద్దల పలక" అని చెప్పండి, గందరగోళం ఉండదు.

ఒకే టేకు పలకతో చేస్తే సరిపోదా? ఇన్ని బద్దలెందుకు?

రంగు చారల అందం కోసమే అనుకుంటారు. అంతకంటే పెద్ద కారణం ఉంది. మామూలు టేకు పలకలో చెట్టు వలయాలు పలక వెడల్పుకు సమాంతరంగా పడుకుని ఉంటాయి. గాలిలో తేమ మారినప్పుడు చెక్క ఎక్కువగా కదిలేది ఆ దిక్కులోనే. ఆ పలకను 14 మి.మీ. వెడల్పు బద్దలుగా చీల్చి, ఒక్కో బద్దనూ పక్కకు తిప్పి నిలబెట్టి అతికితే వలయాలు నిలువుగా వస్తాయి. అప్పుడు మూత వెడల్పులో కదలిక దాదాపు సగానికి దిగుతుంది. పచ్చి నుంచి పూర్తిగా ఆరేదాకా టేకు వలయాల వెంట సుమారు 5 శాతం ముడుచుకుంటే, వలయాలకు అడ్డంగా సుమారు రెండున్నర శాతమే ముడుచుకుంటుంది. మీద వెండి పెట్టబోయే పెట్టెకు ఈ తేడా చాలా విలువైనది. తిప్పకుండా పడుకోబెట్టి అతికిన పలకలో చారలు ఇంతే అందంగా కనిపిస్తాయి, వానాకాలం వచ్చాక గానీ తేడా బయటపడదు. కొనేటప్పుడు మూత చివరి కోత వైపు చూడండి. వలయాల గీతలు నిలువుగా నిలబడి ఉండాలి.

మూతకు లెక్క ఇదీ. 7 మి.మీ. మందం టేకు బద్దలు 13, 3 మి.మీ. ఇరుగుడు (రోజ్‌వుడ్) బద్దలు 12, ఒకటి విడిచి ఒకటి. మొత్తం 127 మి.మీ. వస్తుంది. అంచులు చిత్రిక పడితే 125 మిగులుతుంది. రంపపు కోతకు 2 మి.మీ. పోతుందనుకుంటే 7 మి.మీ. టేకు ముక్క 220 × 210 మి.మీ., 3 మి.మీ. ఇరుగుడు ముక్క 220 × 195 మి.మీ. దగ్గర పెట్టుకోవాలి. బల్ల రంపం పళ్లు మందమైతే 3 మి.మీ. దాకా తినేస్తుంది. ఖరీదైన ఇరుగుడును బ్యాండ్ రంపం మీద కోయించడం మంచిది.

ఏ చెక్కలు బాగుంటాయి? కొండపల్లి బొమ్మల చెక్క వాడొచ్చా?

మా సిఫారసు టేకు చేవ, ఇరుగుడు, అంటే రోజ్‌వుడ్. మధ్యలో తెల్ల గీత కావాలంటే అంకుడు. ఏటికొప్పాక లక్క బొమ్మలు చేసే చెక్క అదే. నార సన్నగా ఉండి నునుపు బాగా తేలుతుంది.

కొండపల్లి బొమ్మలు చేసే తెల్ల పొణికి తేలికగా, మెత్తగా ఉంటుంది. బొమ్మ చెక్కడానికి అంతకంటే మంచి చెక్క దొరకదు. దాన్ని ఇరుగుడు పక్కన అతికి ఉప్పు కాగితం పడితే మాత్రం మెత్తటి పొణికి ముందు అరిగిపోయి గుంట పడుతుంది, గట్టి ఇరుగుడు గట్టులా నిలుస్తుంది. వేలితో తడిమితే అలలు అలలుగా తగులుతుంది. చీల కూడా అందులో పట్టు నిలవదు. అందుకే పెట్టెకు వద్దంటాం.

మామిడి చవక, పనికొస్తుంది. చేవ లేని తెల్లభాగాన్ని పిండి పురుగు పడుతుంది కాబట్టి ఏ చెక్కలోనైనా ఆ భాగం తీసేయాలి. ఎర్రచందనం అడగొద్దు. సరైన పత్రాలు లేని ఎర్రచందనం చిన్న ముక్క దగ్గరున్నా కేసే. "పాత మంచం చెక్కండీ" అని ఎవరు తెచ్చిచ్చినా తీసుకోకండి.

చెక్క ఎంత ఆరాలి? డిపోలో ఆరిందనే చెప్పారు.

డిపోలో ఆరింది ఇల్లు కట్టడానికి సరిపోవచ్చు, పెట్టెకు చాలదు. తేమ మీటరులో 10 నుంచి 12 శాతం చూపించాలి. బద్దలుగా కోశాక మళ్లీ రెండు వారాలు పని జరిగే గదిలోనే, మధ్య మధ్య పుల్లలు పెట్టి, గాలి ఆడేలా పేర్చి ఉంచాలి. ఎండలో పెట్టొద్దు. మే నెల ఎండకు 3 మి.మీ. బద్ద ఒక్క మధ్యాహ్నానికే విల్లులా వంగుతుంది.

మీటరు లేకపోతే నాలుగు బద్దలు తీసుకుని, 0.1 గ్రాము చూపే త్రాసులో తూచి, పెన్సిలుతో బరువు రాసిపెట్టండి. రెండు రోజులకోసారి మళ్లీ తూయండి. వరుసగా మూడుసార్లు బరువు మారకపోతే ఆ గది గాలితో చెక్క కుదురుకున్నట్టు. ఆగస్టు, సెప్టెంబరు ముసుర్లో కుదురుకున్న చెక్కకు ఇంకో పది రోజులు ఏసీ గది అవసరం.

జిగురు ఏది, ఎంత?

తెల్ల జిగురుల్లో నీటికి తట్టుకునే రకం, అంటే ఫెవికాల్ మెరైన్ లాంటిది, చాలు. అరాల్డైట్ బలంగానే పడుతుంది. కానీ అతుకు గీతలో మెరుపు కనబడుతుంది, పొంగి బయటికొచ్చింది గోకడం కష్టం.

టేకులో సహజంగా నూనె ఉంటుంది. అతికే ముఖాన్ని అసిటోన్‌తో తుడిచి, పావుగంటలోపు జిగురు రాయాలి. తుడవకుండా అతికితే రెండేళ్లకో మూడేళ్లకో ఆ గీత వెంటే వెంట్రుకవాసి పగులు తేలుతుంది. ఇరుగుడుకూ ఇదే పద్ధతి.

చదరపు మీటరుకు 180 గ్రాముల చొప్పున మూతలోని 24 అతుకులకు పట్టేది సుమారు 13 గ్రాములు. అంత తక్కువా అనిపిస్తుంది, కానీ నిజమే. బిగించినప్పుడు గీత పొడవునా ఆవగింజంత చుక్కలు వరసగా పొడుచుకు వస్తే జిగురు సరిపోయినట్టు. కారుతుంటే ఎక్కువైంది. ఏమీ రాకపోతే విప్పి మళ్లీ రాయాలి.

మన దగ్గర తరచుగా పాడయ్యేది ఇక్కడే. డబ్బా మీద పది నిమిషాల వ్యవధి రాసి ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో గది 38 డిగ్రీలుంటే మూడు నాలుగు నిమిషాలకే జిగురు పైపొర కడుతుంది. 25 బద్దలకూ ఒకేసారి రాసి బిగించబోతే మొదటి బద్ద మీద జిగురు అప్పటికే ఆరిపోయి ఉంటుంది. ఎనిమిదేసి బద్దలు మూడు గుత్తులుగా, తెల్లవారుజామున అతికి, మిగిలిన బద్దను చివర్లో కలపండి. గుత్తులు ఆరాక చిత్రిక పట్టి, ఒకదానికొకటి అతకండి. ఒక్కో అతుకూ 24 గంటలు క్లాంపులోనే ఉండాలి. క్లాంపు మీద బలం పెట్టి మెలి తిప్పకండి, జిగురంతా బయటికి పోయి అతుకు ఎండిపోతుంది.

చెక్క మీద వెండి కొన్నాళ్లకు ఉబ్బుతుంది, లేస్తుంది. కారణం ఏమిటి?

ఈ పెట్టె బతుకంతా ఈ ఒక్క ప్రశ్న మీదే ఉంది. అందుకే కొంచెం విడమరచి చెబుతాం.

వెండి వేడికి కదులుతుంది, కానీ చాలా తక్కువ. 125 మి.మీ. వెండి పట్టీ 25 డిగ్రీల తేడాకు 0.06 మి.మీ. సాగుతుంది. చెక్క కదిలేది తేమకు. మే నెల మధ్యాహ్నపు వడగాలికీ ఆగస్టు ముసురుకూ మధ్య చెక్కలో తేమ నాలుగు శాతం మారిందనుకుంటే, 125 మి.మీ. టేకు మూత మామూలు పలకైతే సుమారు 0.95 మి.మీ., తిప్పి అతికిన బద్దలదైతే సుమారు 0.45 మి.మీ. కదులుతుంది. తిప్పి అతికినా అది వెండి కదలికకు ఏడెనిమిది రెట్లు. పొడవు వెంట చెక్క దాదాపు కదలదు.

ఇప్పుడు మూతకు అడ్డంగా వేసిన వెండి పట్టీని రెండు చివర్లా గట్టిగా చీల కొట్టారనుకోండి. వానల్లో మూత వెడల్పవుతుంది, పట్టీ కాదు. అప్పుడు చీలలు వదులవుతాయి, లేదా బెజ్జాలు లాగుడు పడి కోలగా మారతాయి. వేసవిలో మూత ముడుచుకుంటుంది. పట్టీకి చోటు చాలక మధ్యలో పైకి ఉబ్బుతుంది. ఉబ్బిన చోట చెయ్యి, గుడ్డ తగిలి వంగుతుంది, వంగినచోట మురికి చేరి నల్లబడుతుంది. తప్పు చెక్కదీ కాదు, వెండిదీ కాదు. చెక్కను కదలనివ్వని బిగింపుదే తప్పు.

మరి ఎలా బిగించాలి?

మూత అడ్డపట్టీకి మధ్యలో ఒకే ఒక గుండ్రటి బెజ్జం, అక్కడ గట్టి చీల. రెండు చివర్లా మూత వెడల్పు వెంట సాగిన కోల బెజ్జాలు. చీల 1 మి.మీ. అయితే కోల బెజ్జం పొడవు 2 మి.మీ. చివరి చీల తలను పూర్తిగా దిగగొట్టకుండా, పట్టీ కింద పలుచటి పోస్టుకార్డు ముక్క దూరేంత వదలాలి. మధ్య చీల పట్టుకుంటుంది, చివరి చీలలు జారనిస్తాయి.

మూలరేకులు పెట్టె ఎత్తంతా ఒకే ముక్కగా వేయకుండా కింద 20 మి.మీ. మాత్రమే వేయండి. 20 మి.మీ. చెక్కలో కదలిక లెక్కలోకి రానంత తక్కువ. పూర్తి ఎత్తు మూలరేకే కావాలంటే కింద గుండ్రటి బెజ్జాలు, పైన కోల బెజ్జాలు.

మూత మధ్య తామరపువ్వు బిళ్లకు 50 మి.మీ. వ్యాసం, 0.4 మి.మీ. మందం. దాన్ని చెక్కలో గుంట తీసి కూర్చోబెడతారు. గుంట చుట్టూ 0.3 మి.మీ. ఖాళీ ఉండాలి. పువ్వు నడిబొడ్డులో ఒక్క చీల, లేదా వెనుక నాలుగు చుక్కల సిలికాన్. వెనిగర్ వాసన కొట్టే సిలికాన్ వద్దు, ఆ ఆవిరి లోహానికి పడదు. న్యూట్రల్ అని రాసి ఉన్నది అడగండి. బిళ్ల వెనుకంతా అరాల్డైట్ పూస్తే మొదటి వేసవికే ఒక అంచు టిక్కున లేస్తుంది.

అడుగు పలకకూ ఇదే సూత్రం. గోడల్లో 4 మి.మీ. లోతు గాడి తీసి, అడుగును జిగురు లేకుండా దూర్చాలి, వెడల్పు వైపు ఒక్కో పక్కా 1 మి.మీ. ఖాళీ వదలాలి. గోడల మూలలు 45 డిగ్రీల కోతతో కలుస్తాయి. నార చివరలు కలిసిన అతుకు బలహీనం కాబట్టి ఒక్కో మూలకూ రెండు చోట్ల అడ్డంగా గాడి కోసి 2 మి.మీ. ఇరుగుడు బిళ్లలు దూర్చి అతకాలి. బయట నుంచి చూస్తే అది అలంకారంలానే ఉంటుంది.

వెండి చీల ఇరుగుడులో దిగకుండా వంగిపోతోంది.

రెండు కారణాలు. తీగను కాల్చి మెత్తబరిచాక నేరుగా చీల చేసి ఉంటారు. 1.3 మి.మీ. తీగను కాల్చి, ఆ తర్వాత మళ్లీ కాల్చకుండా కమ్మచ్చులో, అంటే తీగ లాగే బెజ్జాల పలకలో, మెట్టుమెట్టుగా 1 మి.మీ.కు లాగితే గట్టిపడుతుంది. రెండోది బెజ్జం. ఇరుగుడులో 0.9 మి.మీ. బిట్టుతో 5 మి.మీ. లోతు తీయాలి. మెత్తటి చెక్కలో 0.8 చాలు. చీల కొనను కొద్దిగా మైనంలో ముంచి, చిన్న సుత్తితో నిదానంగా, తలకు నిటారుగా కొట్టండి. చీల మొదటి దెబ్బకే పక్కకు వాలితే అక్కడే పీకి కొత్తది వేయండి. వంగినదాన్ని సరిచేసి కొడితే తల విరుగుతుంది.

ఖర్చు తగ్గుతుందని ఇనుప చీలలకు వెండి పూత వేసి వాడేవాళ్లున్నారు. టేకు, తుమ్మలాంటి చెక్కల్లోని వగరు ఇనుముతో కలిస్తే నీలి నలుపు మరక పడుతుంది. చీల చుట్టూ కాటుక చుక్కలా మొదలై నార వెంట పాకుతుంది, పైపైన రుద్దితే పోదు.

ఎంత వెండి పడుతుంది?

మందం, కొలత తెలిస్తే ఎవరైనా లెక్క కట్టొచ్చు. 925 వెండి ఘనపు సెంటీమీటరుకు సుమారు 10.36 గ్రాములు.

మూలరేకు ఒక్కొక్కటి 40 × 20 మి.మీ., మందం 0.5: నాలుగూ కలిపి 16.6 గ్రాములు. మూత మీద రెండు అడ్డపట్టీలు, ఒక్కొక్కటి 125 × 8 × 0.5: 10.4 గ్రాములు. తామర బిళ్ల 8.1. గొళ్లెం కింది రేకు, 30 × 25 × 0.6: 4.7. గొళ్లెం నాలుక, 35 × 10 × 1: 3.6. చీలలు 27: తలలతో కలిపి ఒకటిన్నర. మొత్తం 45 గ్రాములు. కత్తిరింపు ముక్కలు పోను అంత మిగలాలంటే రేకు, తీగ కలిపి 57 గ్రాముల దాకా దించాలి. ఆ 12 గ్రాముల ముక్కలు కరిగితే మళ్లీ వెండే. వాటిని తిరిగిస్తారా, తరుగు కింద పట్టుకుంటారా అన్నది ముందే మాట్లాడుకోండి.

కీళ్లు ఈ లెక్కలో లేవు. వెండి కీలు మెత్తన. రోజూ తెరిచి మూసే పెట్టెకు ఏడాదిలో వదులై మూత పక్కకు జారుతుంది. ఇత్తడి కీలు వేసి, పైకి కనబడే రేకు మాత్రం వెండిది తొడగడం మేలు. బిల్లులో అది ఇత్తడి అనే రాయాలి.

999 స్వచ్ఛమైనది కదా, 925 ఎందుకు?

స్వచ్ఛమైన వెండి గోటికి లొంగేంత మెత్తన. మూలరేకు బల్లకు తగిలితే చాలు, సొట్ట పడుతుంది. 925లో 7.5 శాతం రాగి కలిసి గట్టిపడుతుంది. తామర బిళ్లలో లోతైన నగిషీ కొట్టాలంటే మాత్రం 999 హాయిగా సాగుతుంది. ఆ ఒక్క భాగానికి దాన్ని వాడొచ్చు, చెయ్యి తక్కువ తగిలే చోటు కాబట్టి.

నిజంగా వెండేనని ఎలా తెలుసుకోవాలి? జర్మన్ సిల్వర్ అంటే ఏమిటి?

జర్మన్ సిల్వర్‌లో వెండి అణువంతైనా ఉండదు. రాగి, జింకు, నికెల్ మిశ్రమం అది. పూజ సామాన్లకు వాడుకోవచ్చు, తప్పు లేదు. వెండి ధరకు అమ్మితేనే మోసం.

పెట్టెకు బిగించాక పరీక్ష కష్టం. బిగించకముందే వెండి భాగాలన్నీ మీ ఎదుట తూయించుకుని, బరువు బిల్లులో విడిగా రాయించుకోండి. బీఐఎస్ హాల్‌మార్కు ఉంటే 925 అంకె కనబడుతుంది. 2025 సెప్టెంబరు నుంచి హాల్‌మార్కు వేసే వెండికి హెచ్‌యూఐడీ, అంటే అక్షరాలు, అంకెలు కలిసిన ఆరు స్థానాల గుర్తింపు సంఖ్య, కూడా వస్తోంది, బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడొచ్చు.

ఇంట్లో చేసుకునే పరీక్ష ఒకటుంది. 0.01 గ్రాము చూపే చిన్న త్రాసు మీద గ్లాసుతో నీళ్లు పెట్టి, సున్నా చేయండి. వెండి భాగాలను దారంతో కట్టి, గ్లాసు అడుక్కి, గోడలకు తగలకుండా నీళ్లలో ముంచి పట్టుకోండి. త్రాసు చూపే అంకె ఆ లోహం ఘనపరిమాణం. 45 గ్రాముల 925 అయితే 4.3 దగ్గర చూపుతుంది. జర్మన్ సిల్వర్, ఇత్తడి అయితే 5.2 దగ్గరికి పోతుంది. గాలి బుడగలు అంటుకుంటే లెక్క తప్పుతుంది, వేలితో తుడిచి మళ్లీ చూడండి.

నగిషీ బాగుంటుందా, కరీంనగర్ ఫిలిగ్రీ బాగుంటుందా?

రెండూ గొప్ప పనులే. పెట్టె వాడకాన్ని బట్టి ఎంచుకోండి. నగిషీలో రేకును లక్క, గుగ్గిలం పడక మీద ఆనించి ఉలులతో కొడతారు. వెనుక నుంచి ఉబ్బెత్తు తీసి, ముందు నుంచి గీతలు దిద్దుతారు. చేయి తగిలినా ఓర్చుకుంటుంది. ఫిలిగ్రీ సన్నటి తీగల అల్లిక. తీగల సందుల్లోంచి ఇరుగుడు ముదురు రంగు తొంగిచూస్తుంటే ఆ అందమే వేరు. కానీ దుమ్ము పడితే తుడవలేరు, గుడ్డ పోగులు తగులుకుంటాయి. రోజువాడకం పెట్టెకు నగిషీ, అద్దాల బీరువాలో ఉండేదానికి ఫిలిగ్రీ అని మా అభిప్రాయం.

టంకం పని అంతా చెక్కకు దూరంగా, ముందే అయిపోవాలి. వెలిగారం పూసి వేసే వెండి టంకం కరగడానికి 700 డిగ్రీలు పైబడాలి. చెక్క అందులో మూడో వంతు వేడికే మాడుతుంది. "బిగించాక కొంచెం అతికిస్తాలెండి" అనే మాటకు ఒప్పుకోవద్దు.

పని వరుస ఏది ముందు, ఏది వెనుక?

చెక్కపెట్టె పూర్తి చేసి 180 నంబరు ఉప్పు కాగితం దాకా నునుపు చేయాలి. వెండి భాగాలన్నీ పొడిగా అమర్చి చూసుకుని, బెజ్జాలు తీసి, మళ్లీ అన్నీ ఊడదీయాలి. అప్పుడు చెక్కకు 240, 320 కాగితాలు, పాలిష్. వెండికి విడిగా మెరుగు. రెండూ ఆరాకే ఆఖరి బిగింపు. వెండి బిగించి ఉండగా చుట్టూ ఉప్పు కాగితం రుద్దితే సన్నటి వెండి రజను నల్లటి పొడిగా చెక్క రంధ్రాల్లో దిగుతుంది. తెల్లటి అంకుడు బద్ద బూడిద పూసినట్టవుతుంది. దాన్ని తీయాలంటే మళ్లీ చిత్రిక పట్టాల్సిందే.

లక్క పాలిష్ మంచిదా, పీయూ మంచిదా?

చేతికి వెచ్చగా తగిలే నిగారింపు లక్కకే వస్తుంది. 100 గ్రాముల లక్క రేకులు 600 మి.లీ. స్పిరిట్‌లో ఒక రాత్రి నానబెట్టి, వడకట్టి, పలుచగా పది పన్నెండు పూతలు వేస్తారు. గీత పడ్డా అక్కడికక్కడే సరిచేయొచ్చు. నీటిచుక్క నిలిస్తే తెల్లటి వలయం పడటం దాని లోపం. పూజగదిలో ఉండే పెట్టెకు, తడి చేతులు తగిలే పెట్టెకు పీయూ, అంటే పాలీయురెథేన్ పాలిష్, మేలు.

లక్కతో ఒక చిక్కు. ఇరుగుడులోని ఊదా రంగు స్పిరిట్‌లో కరుగుతుంది. గుడ్డ ముద్దతో బద్దలకు అడ్డంగా రుద్దితే ఆ రంగు పక్కనున్న అంకుడు మీదికి చార్లు చార్లుగా పాకుతుంది, తాంబూలం వేసుకున్న పెదవిలా. మొదటి రెండు పూతలూ బద్దల వెంటే, కుంచెతో, ఒక్కసారే లాగి వదలాలి. అవి ఆరి రంగు కట్టుబడ్డాక ఎలాగైనా రుద్దుకోవచ్చు.

బయట ఎన్ని పూతలు వేస్తే లోపలా అన్నే వేయాలి. లోపల కనబడదు కదా అని వదిలేస్తే తేమ ఆ ఒక్క పక్క నుంచే వచ్చి పోతూ మూత దోనెలా వంగుతుంది. మూత వంగిందని వచ్చే పెట్టెల్లో ముందు చూడాల్సింది ఇదే. లోపలికి అవిసె నూనె మాత్రం వద్దు. మూసి ఉండే పెట్టెలో ఆ వాసన నెలల తరబడి పోదు.

పసుపు, కుంకుమ నేరుగా పోయొచ్చా?

వద్దు. రెండూ చెక్కలోకి దిగే రంగులే. లోపల చిన్న గిన్నెలు దిగేలా గుంటలు తీయించుకోండి. గిన్నెకూ గుంటకూ మధ్య చుట్టూ ఒక మిల్లీమీటరు వదులుంటే తీసి కడగడం సులువు. తడి గంధం, తడి తమలపాకులు పెట్టి మూత మూసి మర్చిపోకూడదు. మర్నాటికి లోపల బూజు వాసన మొదలవుతుంది.

లోపల ఏ గుడ్డ వేయాలి?

ఉతికిన నూలు గుడ్డ. ఉన్ని, ఉన్ని ఫెల్టు, రబ్బరు, స్పాంజి వద్దు. ఉన్నిలో, రబ్బరులో గంధకం ఉంటుంది. మూసిన పెట్టెలో దాని ఆవిరికి వెండి నగలు రెండు నెలల్లో గోధుమరంగుకు, తర్వాత నలుపుకు తిరుగుతాయి. ఆ నలుపు వెండి సల్ఫైడే. నగలకు రబ్బరుబ్యాండు చుట్టి పెట్టడం కూడా ఇంతే చెరుపు. కర్పూరం, కలరా ఉండలు పాలిష్‌కు తగిలేలా పెట్టకండి, తగిలినచోట పాలిష్ మెత్తబడి మచ్చ పడొచ్చు. తేమకు సిలికా జెల్ పొట్లం చాలు.

వెండి నల్లబడింది. ఇంట్లో చింతపండు, కుంకుడుకాయ రసంతో తోమొచ్చా?

వెండి పళ్లేనికి ఆ పద్ధతి బాగుంటుంది. పెట్టెకు కాదు. పులుపు నీళ్లు రేకు కిందికి దిగి చెక్కలో నిలుస్తాయి, రేకు అంచున నల్లటి గీత కడుతుంది. అల్యూమినియం రేకు, వంటసోడా నీళ్లలో ముంచే చిట్కా అసలే వద్దు. విభూతితో, పళ్లపొడితో రుద్దితే నగిషీ పదును అరిగిపోతుంది. వెండి పాలిష్ ద్రవాలు చెక్క పాలిష్‌ను తింటాయి.

సరైన పద్ధతి: మొదట వెండి తుడిచే రసాయనపు గుడ్డతో, పొడిగా, పట్టీ పొడవు వెంట తుడవండి. సగం పెట్టెలకు ఇదే సరిపోతుంది. పోకపోతే రేకు చుట్టూ చెక్కకు కాగితపు టేపు అంటించి, మెత్తటి సుద్దపొడిలో రెండు చుక్కల నీళ్లు కలిపి, పుల్లకు చుట్టిన దూదితో రుద్ది, వెంటనే పొడి గుడ్డతో తీసేయండి. సుద్దను స్పిరిట్‌తో కలపొద్దు, లక్క పాలిష్ కరిగిపోతుంది. నగిషీ లోయల్లో నలుపు వదిలేయండి, పువ్వు రేకులు ఎత్తుగా కనబడేది దాని వల్లే.

దీపావళి టపాసుల పొగలో గంధకం ఉంటుంది. ఆ వారం పెట్టెను నూలు గుడ్డలో చుట్టి బీరువాలో పెడితే ఒక తుడుపు తప్పుతుంది. మెరుపు నిలవాలని గోళ్లరంగు పూయకండి, పసుపు తిరిగి పొరలుగా లేస్తుంది.

పెట్టె నుంచి సన్నటి పొడి రాలుతోంది.

పిండి పురుగు. బెజ్జం గుండుసూది తలంత ఉంటుంది, కింద మైదాలాంటి పొడి. తెల్లభాగం తీయని బద్ద ఎక్కడో పడింది. పెట్టెను మిగతా చెక్కసామాను నుంచి వేరుచేసి, చేసినవాళ్లకు చూపించండి. ఆ ఒక్క బద్దనూ కోసి తీసి కొత్తది వేయడం కుదురుతుంది. అతుకు పలకలో ఉన్న సౌకర్యం అది.

ఎన్ని రోజులు పడుతుంది, ధర ఎలా కడతారు?

చెక్క ఆరబెట్టడంతో కలిపి నాలుగు నుంచి ఐదు వారాలు. వానాకాలంలో ఇంకో వారం. పది రోజుల్లో ఇస్తామంటే ఆరని చెక్క అని అర్థం. ధరను మూడుగా విడదీసి అడగండి: వెండి బరువుకు ఆ రోజు ధరలో 92.5 శాతం, తరుగు, మజూరీ కలిపి ఒకటి. చెక్క, వడ్రంగి కూలి ఒకటి. పాలిష్ ఒకటి. మొత్తం ఒకే అంకెగా చెబితే వెండి ఎంతో, పని ఎంతో మీకు తెలియదు.

అమెరికాలో పిల్లలకు తీసుకెళ్లొచ్చా?

టేకు, మామిడి, అంకుడు పెట్టెలకు పెద్ద ఇబ్బంది ఉండదు. ఇరుగుడు జాతి చెట్లు దాదాపు అన్నీ 2017 జనవరి నుంచి సైటిస్ (అరుదైన జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) రెండో జాబితాలో ఉన్నాయి. తయారైన చిన్న వస్తువులకు బరువును బట్టి సడలింపు ఉన్నా, చెక్క పేరు స్పష్టంగా రాసిన బిల్లు వెంట ఉంచుకుని, బయల్దేరే ముందే నిబంధన కనుక్కోండి. ఆ గొడవే వద్దనుకుంటే ముదురు బద్దల స్థానంలో ముదురు టేకు చేవ, లేత బద్దల స్థానంలో అంకుడు వేయించుకోండి.

ఇంకో సంగతి. చలికాలంలో హీటర్లు నడిచే ఇళ్లలో గాలి మన మే నెల కంటే పొడిగా ఉంటుంది. అక్కడికి వెళ్లే పెట్టెకు చెక్కను 8 శాతం దాకా ఆరబెట్టి, అడ్డపట్టీల కోల బెజ్జాలు 2 మి.మీ. బదులు 3 మి.మీ. తీయమని ఆర్డరు రోజునే చెప్పాలి. పెట్టె తయారయ్యాక చెబితే పట్టీలు కొత్తవి కొట్టాల్సి వస్తుంది.